ఆరాంఘర్ చౌరస్తా, ఫిబ్రవరి 24

2023 ఫిబ్రవరి 24, శుక్రవారం. హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చిన బస్సు ఆరాంఘర్ చౌరస్తాలో ఆగింది. దిగినవాళ్లలో ఒక యువకుడు స్టాపు దగ్గరే కుప్పకూలిపోయాడు.

ఆ కూడలి రద్దీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బెంగళూరు హైవే బండ్లు, విమానాశ్రయానికి పరిగెత్తే కార్లు, జిల్లాల బస్సులు, షేర్ ఆటోలు అన్నీ అక్కడే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటాయి. అలాంటి చోట మనిషి పడిపోతే ముందు గుంపు చేరుతుంది. ఏమైందని ఒకరడుగుతారు, ఎండదెబ్బేమో అని ఇంకొకరంటారు, తాగాడేమో అని వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. పడిపోయిన మనిషికి మాత్రం ఒక్కో క్షణమూ తరిగిపోతూ ఉంటుంది.

ఆ పూట అక్కడ ట్రాఫిక్ డ్యూటీలో ఉన్నది రాజేంద్రనగర్ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ కానిస్టేబుల్ రాజశేఖర్. ఆయన వచ్చి ఆ యువకుడి పక్కన కూర్చుని, రెండు చేతులూ ఛాతీ మీద ఆనించి నొక్కడం మొదలుపెట్టారు. మళ్లీ మళ్లీ, ఆపకుండా. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన ఆ దృశ్యాన్ని తర్వాత దేశమంతా చూసింది. యూనిఫాంలో ఉన్న మనిషి, నేల మీద చలనం లేని మనిషి, పైకీ కిందికీ కదులుతున్న రెండు చేతులు. కాసేపటికి ఆ యువకుడిలో కదలిక వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికాడు.

రాజశేఖర్ దగ్గర మందు లేదు, సూది లేదు, యంత్రం లేదు. ఆయన డాక్టర్ కూడా కాదు. ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉండటం, ఆ సమయానికి పక్కనే ఉండటం, ఆ రెండే ఉన్నాయి.

ఆ వీడియో చూసి అబ్బురపడి ఊరుకోవడం నాకు సరిపోలేదు. ఆ చేతుల కింద, పక్కటెముకల వెనక ఏం జరిగిందో తెలుసుకుంటేనే ఆయన చేసిన పని విలువ అర్థమవుతుంది.

గుండెకు రక్తం తెచ్చే నాళం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. నొప్పి, చెమట, ఆయాసం ఉంటాయి. మనిషికి స్పృహ ఉంటుంది, మాట్లాడతాడు, ఆసుపత్రికి చేరేంత వ్యవధి చాలామందికి దొరుకుతుంది. గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటు దానికి దారితీయవచ్చు. పుట్టుకతో వచ్చిన లోపం, కరెంటు షాక్, నీళ్లలో మునగడం కూడా దారితీయవచ్చు. గుండె కొట్టుకోవాలంటే దానికో విద్యుత్ సంకేతం కావాలి, కండరమంతా ఆ సంకేతానికి ఒక్కసారిగా ముడుచుకోవాలి. ఆ క్రమం చెదిరిపోతే, మేళంలో ఎవరికి తోచిన తాళం వాళ్లు వేసినట్టు, గుండెలో ఒక్కో పోగూ దాని ఇష్టానికి అది వణుకుతుంది. వణుకు ఉంటుంది గానీ రక్తం కదలదు. పది సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పది నిమిషాలు ఏమీ చెయ్యకుండా గడిస్తే మనిషి తిరిగొస్తాడన్న ఆశ దాదాపు ఉండదు.

నిజానికి గుండె ఆగిన క్షణంలో రక్తంలో ప్రాణవాయువు ఇంకా ఉంటుంది. దాన్ని మెదడుకు నెట్టేవాళ్లే ఉండరు. ఛాతీ మీద గట్టిగా నొక్కితే లోపలి రక్తం ముందుకు కదులుతుంది, వదిలితే గుండె మళ్లీ నిండుతుంది. ఇలా అందేది మామూలు ప్రవాహంలో పావు వంతో, మూడో వంతో. మెదడును కాసేపు కాపాడటానికి అది చాలు. ఆరాంఘర్‌లో ఆ కాసేపు రాజశేఖర్ చేతులే గుండె పని చేశాయి.

ముందు రోజు సంగతి కూడా చెప్పాలి. ఫిబ్రవరి 23 గురువారం, సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని ఒక జిమ్‌లో 24 ఏళ్ల యువకుడు వ్యాయామం చేస్తూ కూలిపోయాడు. అతనూ పోలీసు కానిస్టేబులే. సీసీ కెమెరాలో అంతా నమోదైంది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం పోయింది. ఫిబ్రవరి 25 శనివారం నిర్మల్ జిల్లాలోని ఒక పల్లెలో పెళ్లి విందు. పాటకు చిందులేస్తున్న 19 ఏళ్ల కుర్రాడు ఉన్నట్టుండి నేలకొరిగాడు. భైంసా ఆసుపత్రికి తరలించినా లాభం లేకపోయింది.

వరసగా మూడు రోజులు, ముగ్గురు పడిపోయారు, ఒక్కడు మిగిలాడు. రాజశేఖర్ చేసినట్టు ఛాతీ నొక్కడం, అంటే సీపీఆర్, అంది ఉంటే మిగతా ఇద్దరూ బతికేవాళ్లే అని నేను అనను. అలా అనే హక్కు ఎవరికీ లేదు. అన్నీ సక్రమంగా చేసినా పోయే ప్రాణాలుంటాయి. ఎవరూ ఏమీ చెయ్యకపోతే మాత్రం ఫలితం ముందే రాసిపెట్టి ఉంటుంది. గుండె వణుకుతున్న మనిషికి సీపీఆర్ గానీ, ఆ వణుకును ఆపే కరెంటు షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతుల చొప్పున పడిపోతుందని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు.

ఇప్పుడు మన ధర్మపురి సంగతి. తెలంగాణలో నరసింహస్వామి కొలువైన గోదావరి తీరపు ధర్మపురి కాదు, సేలానికి ఉత్తరాన ఉన్న తమిళనాడు ధర్మపురి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్న నేల. ఆరాంఘర్ చౌరస్తా నుంచి దక్షిణంగా బెంగళూరు వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి హోసూరు, కృష్ణగిరి దాటి మా ఊరి మీదుగానే సేలం వెళ్తుంది. ఆ మనిషి పడిపోయిన రోడ్డు, మేం రోజూ దాటే రోడ్డు ఒక్కటే.

అంతకు నెల ముందు ఇంకా దగ్గర్లో జరిగిన ఘటన మా ఇళ్లన్నిటినీ కుదిపేసింది. 2023 జనవరి 27న కుప్పంలో నారా లోకేశ్ యువగళం పాదయాత్ర మొదలైంది. ఆ జనసందోహంలో నడుస్తూ సినీ నటుడు నందమూరి తారకరత్న కుప్పకూలిపోయారు. కుప్పం మాకు పరాయి ఊరు కాదు. 2004లో కృష్ణగిరి వేరే జిల్లా అయ్యేవరకూ మా జిల్లా ఎల్లకు అవతలి పక్కన ఉన్న ఊరే అది. సంబంధాలు కలుపుకుంటాం, సంతలకు పోతాం. తారకరత్నకు కుప్పంలో 45 నిమిషాల పాటు గుండెను తిరిగి కొట్టుకునేలా చేసే ప్రయత్నం సాగిందని బెంగళూరు నారాయణ హృదయాలయ బులెటిన్‌లో ఉంది. గుండె తిరిగి కొట్టుకుంది. ఆ అర్ధరాత్రి దాటాక ఆయన్ను బెంగళూరుకు చేర్చారు. రక్తం అందని వేళలో మెదడుకు జరిగిన నష్టం గురించి కుటుంబ సభ్యులు విలేకరులకు చెబుతూ వచ్చారు. ఫిబ్రవరి 18న, నలభయ్యో పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు ఆయన కన్నుమూశారు.

ఆ మూడు వారాలూ మా ఇళ్లలో అందరూ ఆసుపత్రి గురించే మాట్లాడుకున్నారు. ఏ యంత్రం పెట్టారు, ఏ డాక్టరు వచ్చారు, విదేశాల నుంచి ఎవరైనా వస్తున్నారా. పడిపోయిన చోట మొదటి అయిదు నిమిషాలు ఎవరి చేతుల్లో ఉంటాయన్న మాట ఎవరి నోటా వినలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మనకు ఆ ఆలోచనే అలవాటు లేదు.

మరి మనకు అలవాటైనవి ఏమిటి? ధర్మపురి బస్టాండులో ఒక మనిషి పడిపోయాడనుకోండి. గుండె ఆగిన తొలి క్షణాల్లో మెదడుకు రక్తం అందక కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. వెంటనే పక్క అంగడి నుంచి తాళాల గుత్తి వస్తుంది, దాన్ని బలవంతంగా పిడికిట్లో పెట్టి మూస్తారు. మొహాన నీళ్లు చల్లుతారు. సోడా సీసా తెచ్చి నోట్లో పోస్తారు. స్పృహ లేనివాడి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకరు అరికాళ్లు రుద్దుతారు, ఇంకొకరు లేపి కూర్చోబెడతారు. ఇనుప తాళం చేతిలో పెట్టడం వల్ల ఫిట్స్‌కే ప్రయోజనం లేదు, గుండెకు అసలే లేదు.

ఇంకొక మోసం ఊపిరి దగ్గర జరుగుతుంది. గుండె ఆగిన తర్వాత కూడా చాలామంది కొద్దిసేపు నోరు తెరిచి, ఆగి ఆగి, గురక లాంటి శబ్దంతో గాలి పీలుస్తారు. పెద్దవాళ్లు దాన్ని ఎగశ్వాస అంటారు. అది చూసి, ఊపిరి ఉంది కదా, ఫరవాలేదు అనుకుని ఆగిపోతారు. అది ఊపిరి కిందికి రాదు. తట్టి పిలిస్తే పలకని మనిషి, మామూలుగా ఊపిరి తీసుకోని మనిషి కనబడితే గుండె ఆగిందనే అనుకోవాలి. నాడి కోసం మణికట్టు మీద వెతుకుతూ కూర్చోనక్కర్లేదు. ఆ తడబాటులో డాక్టర్లు కూడా పొరబడతారని, మామూలు మనుషులకు నాడి చూడమని నేర్పడం ఏనాడో మానేశారు.

అంబులెన్స్ ఉంది కదా అంటారు. ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ, 2008 సెప్టెంబరులో తమిళనాడుకు వచ్చింది. మన తెలుగు నేల మీద పుట్టిన ఆ బండి ఎన్ని లక్షల మందిని కాపాడిందో తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయినా ఏ బండికైనా రోడ్డు మీద పట్టే సమయం పడుతుంది. ధర్మపురి టౌనులో పడిపోతే మెడికల్ కాలేజీ ఆసుపత్రి, మా మాటల్లో జీహెచ్, దగ్గరే. తొప్పూరు ఘాటులో లారీలు అడ్డం పడి ట్రాఫిక్ నిలిచిపోయిన రోజున పడిపోతే? పెన్నాగరం దాటి కొండ మీది కోట్టూరులో పడిపోతే? ఎన్నికల యంత్రాలను గాడిదల మీద మోసుకుపోయిన ఊరది. గుండె ఆగిన మనిషికి మిగిలిన అయిదు నిమిషాల్లోపు అక్కడికి ఏ సైరనూ చేరదు. అక్కడ ఉండేది భార్య, కొడుకు, పక్కింటి మనిషి, పాల కేంద్రంలో లీటర్లు కొలిచే పిల్లవాడు. బతికించగలిగితే వాళ్లే బతికించాలి.

ఈ విద్య పుట్టుకలోనే మామూలు మనుషుల వాటా ఉంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కౌవెన్‌హోవెన్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. కరెంటు తీగల మీద పనిచేసే లైన్‌మెన్లు షాక్ తగిలి చనిపోతుంటే, విద్యుత్ కంపెనీల సాయంతో ఆయన పరిశోధనకు దిగారు. అప్పటికి ఆగిన గుండెను కదిలించాలంటే ఛాతీ కోసి, గుండెను చేత్తో పట్టుకుని నొక్కాల్సిందే. 1958లో గై నికర్‌బాకర్ అనే యువ పరిశోధకుడు కుక్క ఛాతీ మీద షాక్ ఇచ్చే బరువైన పలకలను ఆనిస్తూ ఒక సంగతి గమనించాడు. ఇంకా కరెంటు ఇవ్వనేలేదు, ఉత్త బరువుకే కుక్క రక్తపోటు ముల్లు కాస్త కదిలింది. ఎక్కడ నొక్కాలి, ఎంత లోతు, ఎంత వేగం అన్నది శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్‌తో కలిసి తేల్చి, 1960 జులైలో వాళ్లు ముగ్గురూ ప్రచురించారు. వాళ్లు చెప్పిన 20 మంది రోగుల్లో 14 మంది బతికారు. ఎవరైనా, ఎక్కడైనా, రెండు చేతులుంటే చాలు అన్నదే ఆ వ్యాసం సారం. మనలో చాలామంది పుట్టకముందే ఈ మాట లోకానికి తెలుసు. ధర్మపురి జిల్లా ఏర్పడింది 1965లో. జిల్లా కంటే ఈ విద్య వయసే ఎక్కువ, ఇంకా మా వీధుల్లోకి రాలేదు.

కరెంటు షాక్ దగ్గర మొదలైన ఆ విద్య విజయవాడ వీధిలో ఎలా పనికొచ్చిందో 2024 మేలో చూశాం. అయ్యప్పనగర్‌లో ఆరేళ్ల బాబు కరెంటు షాక్ తగిలి స్పృహ తప్పాడు. తల్లిదండ్రులు భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెడుతున్నారు. ఏ తల్లిదండ్రులైనా అదే చేస్తారు. ఆ దారిన పోతున్న డాక్టర్ నన్నపనేని రవళి వాళ్లను ఆపి, బాబును అక్కడే రోడ్డు మీద పడుకోబెట్టించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు. పక్కనున్న ఒకరిని నోటితో గాలి ఊదమన్నారు. కొన్ని నిమిషాల తర్వాత బాబు కదిలాడు. ఆ తర్వాతే ఆసుపత్రికి పంపించారు. బాబు కోలుకుని ఇంటికెళ్లాడు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఆమె ఆ పరుగును ఆపడం. భుజాన వేలాడుతున్న బిడ్డకు సీపీఆర్ చెయ్యలేం, ఆసుపత్రి చేరేలోగా ఆ నిమిషాలన్నీ పోతాయి. గుండె ఆగినవాళ్లను మోసుకుని పరుగెత్తకూడదు, పడ్డచోటే పని మొదలుపెట్టాలి. మన మనసుకు ఇది ఎంత విరుద్ధంగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ముందే నేర్చుకుని ఉండాలి, ఆ క్షణంలో ఆలోచించి తేల్చుకునే పని కాదిది.

నేర్చుకోవాల్సింది కూడా ఎంతో లేదు. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచం మీద, పరుపు మీద కుదరదు, నొక్కిన బలమంతా పరుపే మింగేస్తుంది. ఒకరు 108కి ఫోను చేసి స్పీకరులో పెట్టాలి. మీరు ఛాతీ పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. రొమ్ముల మధ్య నిలువుగా ఉండే ఎముక కింది సగం మీద ఒక అరచేతి మొదలు ఆనించి, రెండో చెయ్యి దాని మీద పెట్టి వేళ్లు పెనవేయాలి. మోచేతులు వంచకూడదు. భుజాలు సరిగ్గా చేతుల మీదికి రావాలి, అప్పుడు నొక్కేది ఒంటి బరువే. పెద్దవాళ్లకైతే అయిదు సెంటీమీటర్లకు తగ్గకుండా, ఆరు దాటకుండా కిందికి దిగాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచేదాకా వదలాలి, లేకపోతే గుండె నిండదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ‘ఒకటీ, రెండూ, మూడూ’ అని పైకే లెక్కపెట్టండి, లెక్క ఉంటే చేతులు తడబడవు. రెండు నిమిషాలకే ఎంత బలవంతుడికైనా ఒంటికి చెమటలు పడతాయి, నొక్కుడు లోతు తగ్గుతుంది. అప్పుడు పక్కవాళ్లు అందుకోవాలి, మధ్యలో విరామం లేకుండా. అంబులెన్స్ సిబ్బంది వచ్చి చేతులు మార్చుకునేదాకా, లేదా మనిషి కదిలేదాకా ఇదే పని.

నోట్లో నోరు పెట్టి ఊదాలేమో అని వెనకాడేవాళ్లకు ఒక మాట. కళ్ల ముందే హఠాత్తుగా కూలిపోయిన పెద్దవాళ్లకు, శిక్షణ లేని మనిషి ఛాతీ నొక్కితే చాలు. మన దేశపు మత్తు వైద్య నిపుణులు 2017లో సామాన్యుల కోసం తయారుచేసిన పద్ధతి కూడా అదే, నొక్కడం మాత్రమే. నీళ్లలో మునిగినవాళ్లకు, పసిపిల్లలకు మాత్రం ఊపిరి ఊదడం కూడా కావాలి, అది శిక్షణలో నేర్పుతారు.

ఛాతీ నొక్కడం సమయాన్ని కొనిపెడుతుంది. వణుకుతున్న గుండెను దారిలో పెట్టేది మాత్రం షాక్. ఆ షాక్ ఇచ్చే చిన్న పెట్టె పేరు ఏఈడీ. విమానాశ్రయంలోనో, మెట్రో స్టేషన్‌లోనో గోడకు గుండె బొమ్మతో వేలాడుతుంటే చూసే ఉంటారు. దాన్ని తాకాలంటే భయం, కరెంటు కదా. ఆ భయం పోవాలంటే అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. మూత తెరిస్తే లేదా మీట నొక్కితే గొంతు వినిపిస్తుంది. అది చెప్పినట్టు రెండు అంటుకునే ప్యాడ్లు ఒంటి మీద అతికించాలి. ఒకటి కుడి పక్క మెడ ఎముక (కాలర్ బోన్) కింద, రెండోది ఎడమ చంక కింది పక్కటెముకల మీద. ఛాతీ చెమటతో తడిగా ఉంటే ముందు తుడవాలి. గుండె లయను యంత్రమే చదువుతుంది. షాక్ అవసరమైతేనే ఛార్జ్ అవుతుంది, అవసరం లేకపోతే మీరు మీట నొక్కినా ఇవ్వదు. మీ పొరపాటు వల్ల మామూలుగా కొట్టుకునే గుండెకు షాక్ తగలదు. సినిమాల్లో తెర మీద గీత తిన్నగా అయిపోగానే షాక్ ఇచ్చి బతికిస్తారు. అసలు సంగతి వేరు. తిన్నని గీతకు షాక్ పనిచెయ్యదు, వణికే గుండెకే పనిచేస్తుంది. షాక్ ఆ వణుకును ఒక్క క్షణం పూర్తిగా ఆపుతుంది, అప్పుడు గుండె తన సొంత లయను తిరిగి అందుకోగలుగుతుంది. ఆ క్షణంలో ఎవరూ ఒంటిని ముట్టుకోకూడదు, షాక్ అయ్యాక వెంటనే మళ్లీ నొక్కాలి. అంతే.

2021 జూన్ 12న కోపెన్‌హాగెన్ మైదానంలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఆడుతూ పడిపోయినప్పుడు టీవీల ముందు ప్రపంచమంతా ఊపిరి బిగబట్టింది. మైదానంలోనే సీపీఆర్, ఒక షాక్. ఏడాది తిరక్కుండా ఆయన మళ్లీ ఫుట్‌బాల్ ఆడాడు. అదే డెన్మార్క్‌లో డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే సీపీఆర్ నేర్చుకుని తీరాలి, బడిలోనూ నేర్పుతారు. 2001లో అక్కడ ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో చుట్టూ ఉన్నవాళ్ల చేత సీపీఆర్ అందుకున్నది నూటికి 21 మంది. 2010కి అది దాదాపు 45కు చేరింది. అదే కాలంలో నెల తర్వాత కూడా బతికి ఉన్నవాళ్లు నూటికి మూడున్నర నుంచి పదకొండుకు దగ్గరగా పెరిగారు. ఆ పెరుగుదలలో ఆసుపత్రుల కృషీ ఉంది, మామూలు జనం చేతులూ ఉన్నాయి.

మన దగ్గర భయాలు ఇంకోలా ఉంటాయి. పోలీసు కేసవుతుందేమో. ఎముక విరుగుతుందేమో. ఆడమనిషి ఛాతీ మీద చెయ్యి వేస్తే ఏమంటారో. ఎముక సంగతి ముందు. పెద్ద వయసువాళ్లకు ఒకటి రెండు పక్కటెముకలు విరగవచ్చు, అవి అతుక్కుంటాయి. గుండె ఆగలేదు, మనమే పొరబడి నొక్కాం అనుకున్నా, పెద్ద హాని జరగడం చాలా అరుదు. కేసు సంగతి. రోడ్డు ప్రమాదాల్లో సాయపడినవాళ్లను వేధించరాదని 2016 మార్చిలో సుప్రీంకోర్టు నిబంధనలకు చట్టబలం ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో ఆ రక్షణ చేరింది. ప్రమాదం కాని చోట కూడా, నోరు తెరిచి అనుమతి ఇవ్వలేని మనిషి మేలు కోరి సద్బుద్ధితో చేసిన పనిని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ నేరంగా చూడదు. పాత శిక్షాస్మృతిలోనూ ఈ రక్షణ ఉంది. ఇక ఆడవాళ్ల విషయం. ఈ సంకోచం వల్ల ప్రాణం పోవడం నాకు అన్నిటికంటే బాధాకరంగా తోస్తుంది. దీనికి మందు ఆడవాళ్లకే పెద్ద సంఖ్యలో నేర్పడం. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసే మక్కళై తేడి మరుత్తువం పథకం 2021 ఆగస్టులో మన పక్క కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలైంది. ఆ పథకంలో గడప గడపకూ తిరిగేది మహిళా వలంటీర్లు. వాళ్లు ఒక్కొక్కరూ వీధికి పది మందికి నేర్పగలరు.

ఆరాంఘర్ ఘటన తర్వాత వారం తిరక్కుండా తెలంగాణ ప్రభుత్వం ముందు వరస సిబ్బందికి సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. కర్ణాటక ప్రభుత్వం సినీ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పేరిట హృదయ జ్యోతి పథకం తెచ్చింది. తమిళనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గుండెపోటు వచ్చినవాళ్లకు మొదటి మోతాదు మాత్రలు అందించే ‘ఇదయం కాప్పోం’ 2023లో మొదలైంది. మూడూ మంచివే. మాత్ర మింగగలిగే మనిషికి మాత్ర, మింగలేని మనిషికి పక్కవాడి చేతులు, రెండూ కావాలి.

ధర్మపురిలో ఎవరితో మొదలుపెట్టాలో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. బస్సు డిపోల్లో కండక్టర్లు. ముహూర్తాల రోజున వెయ్యి మందికి భోజనం పెట్టే కల్యాణ మండపాల మేనేజర్లు. మండపానికి జనరేటర్ కొన్నవాళ్లు ఒక ఏఈడీ కొనగలరు, దాని ధర లక్ష రూపాయల అటూ ఇటూ. తొప్పూరు ఘాటు కింద టీ అంగళ్లవాళ్లు, లారీ క్లీనర్లు. పదో తరగతి పిల్లలు, ఎందుకంటే తాతకు ఏదైనా అయినప్పుడు పగటిపూట ఇంట్లో ఉండేది తరచుగా వాళ్లే. నేర్పేవాళ్లూ దూరంలో లేరు, మన మెడికల్ కాలేజీలోనే మత్తు వైద్యులున్నారు. వాళ్లకు కావలసింది ఒక హాలు, నాలుగు బొమ్మలు, సెలవు రోజు ఒక పూట.

అందరికంటే ముందు హొగెనక్కల్ జలపాతం దగ్గరివాళ్లు. తమిళ ఆడి మాసం పద్దెనిమిదో రోజున అక్కడి కావేరి ఒడ్డున జనం కిక్కిరిసిపోతారు. మునిగేవాళ్లుంటారు, ఎండకూ మెట్లకూ తాళలేక పడిపోయే పెద్దవాళ్లుంటారు. అక్కడ ఏళ్ల తరబడి పుట్టి నడిపే మనుషులున్నారు. నీళ్లలోంచి మనిషిని పైకి లాగడం వాళ్లకు తెలుసు. రాళ్ల మీద పడుకోబెట్టి నూనె మర్దనా చేసేవాళ్లున్నారు. రోజూ ఎన్ని ఛాతీలు, ఎన్ని వీపులు ఆ చేతుల కిందికి వస్తాయో. ఎముక ఎక్కడుందో, ఎంత బలం పెడితే ఎంత లోతు దిగుతుందో ఆ అరచేతులకు ఇప్పటికే తెలుసు. వాళ్లకు నేర్పాల్సింది చోటు, వేగం, ఊపిరి ఊదే పద్ధతి, 108కి ఫోను. వచ్చే ఆడికి ముందే జిల్లా యంత్రాంగం ఒక ఉదయం వాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ నాలుగూ నేర్పించాలి, పుట్టి రేవు దగ్గర ఒక ఏఈడీ పెట్టించాలి.